చాయ్ అమ్ముకో, ముద్దపప్పు, ఎర్రగడ్డ: తిట్టు మీమ్‌లని ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జర్నలిజం పీజీ డిసర్టేషన్ కోసం రాజకీయ నాయకుల్ని కించపరిచే మీమ్‌లు రెండు వందలు పోగేశారు. వాటిని క్రిటికల్ సోషల్ థియరీతో విశ్లేషించాలని మీ ఆలోచన. మీ గైడేమో "అవి జోకులమ్మా, జోకుని కోసి చూస్తే ఏముంటుంది" అంటున్నారు. ఇటు థియరీ పుస్తకాలు తెరిస్తే జర్మన్ తత్వవేత్త అడోర్నోకీ రష్యన్ విమర్శకుడు బఖ్తిన్‌కీ పొసగదు, ఫ్రెంచ్ రచయిత బార్త్ వేరే దారి. ఎవరితో మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

చాలా ఏళ్లు పత్రిక డెస్క్‌లో పనిచేసి, తర్వాత ఇదే సబ్జెక్టు పాఠం చెబుతున్నవాణ్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను. థియరీతో మొదలుపెట్టకండి, ఒక్క మీమ్‌తో మొదలుపెట్టండి. దాంతో ఒక వారం కూర్చోండి. రెండు వందలూ ఎక్సెల్ షీట్‌లో పడేసి కులం ఇన్ని, ఆడవాళ్ల మీద ఇన్ని అని లెక్క తీయడం తర్వాతైనా చేసుకోవచ్చు.

నేను క్లాసులో ఎప్పుడూ వాడేది 2017 నవంబర్ 21న వచ్చిన ఒక మీమ్. యువజన కాంగ్రెస్ ఆన్‌లైన్ పత్రిక 'యువ దేశ్' ట్విటర్ ఖాతాలో వచ్చింది. గుజరాత్ అసెంబ్లీ ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి, డిసెంబర్ 9న, 14న పోలింగ్. బొమ్మలో ముగ్గురు: మోదీ, ట్రంప్, అప్పటి బ్రిటన్ ప్రధాని థెరిసా మే. ప్రతిపక్షం నా మీద ఎలాంటి మీమ్‌లు చేయిస్తోందో చూశారా అని మోదీ అడుగుతాడు, 'మీమ్' అన్న మాటని తప్పుగా పలుకుతూ. అలా కాదు ఇలా అనాలి అని ట్రంప్ దిద్దుతాడు. థెరిసా మే 'తూ చాయ్ బేచ్' అంటుంది. నువ్వెళ్లి చాయ్ అమ్ముకో అని. అంతే మీమ్. గోల మొదలవగానే తీసేశారు, అలాంటి హాస్యాన్ని మేం ఆమోదించమని కాంగ్రెస్ ప్రకటించింది.

ఇందులో ఏముంది అని అడిగితే క్లాసులో వెంటనే వచ్చే జవాబు "మోదీని అవమానించారు సార్". నిజమే. కానీ అక్కడ ఆగితే మీ గైడ్ చెప్పిందే కరెక్టు, డిసర్టేషన్ అక్కర్లేదు. నేను వాళ్లని అడిగేది వేరే. రాయి మోదీ మీద వేశారు, సరే. ఆ రాయి ఎక్కడ ఏరారు? ఏ పనిని, ఏ మనుషుల్ని, ఏ యాసని ముందే తక్కువగా లెక్కగడితే ఈ జోక్ పేలుతుంది? తిట్టు పనిచేయాలంటే తిట్టేవాడికీ వినేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉండాలి, ఫలానాది నీచం అని. ఆ ఒప్పందం బొమ్మలో ఎక్కడా రాసి ఉండదు. దాన్ని పైకి లాగి చూపించడమే క్రిటికల్ థియరీ చేసే పని. ఇటలీ మార్క్సిస్టు గ్రామ్సీ 'కామన్ సెన్స్' అని ఎత్తిపొడిచింది దీన్నే: అందరికీ తెలిసిందే కదా అనిపించే తెలివి, ఎవరు తయారుచేశారో ఎవరూ అడగని తెలివి.

ఈ మీమ్‌లో రాళ్లు మూడున్నాయి. ఒకటి ఉచ్చారణ. ఇంగ్లిష్ మాట పలకడం రాలేదని వెక్కిరింత, పైగా దిద్దేవాడు తెల్లవాడు. ఫ్రెంచ్ సామాజికవేత్త బోర్దియూ చెప్పిన భాషా పెట్టుబడి పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చెలామణీలో ఉన్న 'సరైన' ఉచ్చారణ కూడా డబ్బులాంటిదే, కొందరింట్లో పుట్టుకతో ఉంటుంది, మిగతావాళ్లు జీవితమంతా సంపాదించుకుంటూ భయపడుతూ ఉండాలి. ఆ మాటకొస్తే మన ఊళ్లలో మీమ్‌ని మెమె అనీ మీమీ అనీ పలికేవాళ్లు ఎంతమంది లేరు? ఈ బొమ్మ చూసి నవ్వినవాళ్లలో కూడా సగం మంది కిందటేడు వరకు అలాగే పలికి ఉంటారు. అందుకే మరీ గట్టిగా నవ్వుతారు.

రెండోది చాయ్. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మూడోది ఆ 'తూ'. హిందీలో 'ఆప్' ఉంది, 'తుమ్' ఉంది, అన్నిటికంటే కిందిది 'తూ'. దీన్ని తెలుగువాళ్లం మనం పట్టుకోగలిగినంతగా ఇంకెవరూ పట్టుకోలేరు. మన క్రియ చివర అక్షరంలోనే మర్యాద ఉంటుంది. 'వచ్చారు' అన్నది 'వచ్చాడు' అయితే చాలు, తిట్టు పూర్తయింది, ఇంకో మాట అక్కర్లేదు. ఆడవాళ్ల విషయంలో ఇంకో మెట్టు కిందికి దిగుతాం: 'వచ్చింది'. ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, మంత్రి వచ్చింది. మామూలు మాటల్లో అది తప్పేమీ కాదు, వ్యాకరణం అంతే. కానీ పురుష నాయకుడికి 'గారు' తగిలించి, అదే పేజీలో మహిళా నాయకురాలికి 'వచ్చింది, వాగింది' అని రాసినప్పుడు ఆ తేడాని నోట్ చేసుకోండి. మీ రెండు వందల తెలుగు మీమ్‌లలో క్రియల చివరి అక్షరాలు ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. ఏ ఇంగ్లిష్ పుస్తకంలోనూ లేని అధ్యాయం ఒకటి మీకు అక్కడే దొరుకుతుంది.

ఇక చాయ్. ఒకసారి ఈ మీమ్ ప్రింటవుట్ చేతిలో పట్టుకుని క్లాసు నుంచి టీ కొట్టుకి వెళ్లాను. కొట్టాయన చూసి ఏంటి సార్ అన్నాడు. తెలుగు చేసి చెప్పాను. ట్రంప్ బొమ్మ చూసి నవ్వాడు, మిగతాదానికి నవ్వలేదు. గిన్నె కింద మంట తగ్గించి, "టీ అమ్మేవాణ్ని టీ అమ్ముకోమంటే అది తిట్టెలా అవుతుంది సార్? తెల్లారుజామున నాలుగింటికి లేవమంటే తిట్టు" అన్నాడు. పక్కనున్న నా స్టూడెంట్స్ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మీడియా, సంస్కృతి మీద పనిచేసిన పండితుడు స్టూవర్ట్ హాల్ 1973లో రాసిన పాఠాన్ని ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశాడని నాకు తర్వాత తట్టింది. తయారుచేసినవాడు ఒక అర్థం కూర్చి పంపుతాడు. చూసేవాడు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత బేరమాడొచ్చు, లేదా మొత్తం ఎదురు తిప్పొచ్చు. టీ అమ్మడం నీచం అన్న ఒప్పందం మీద ఆ కొట్టాయన సంతకం పెట్టలేదు. అందుకే ఆయన దగ్గర జోక్ పేలలేదు.

ఇక్కడ చాలామంది విద్యార్థులు ఆగిపోతారు. కాంగ్రెస్ మీమ్‌లో వర్గ అహంకారం ఉంది, కాబట్టి బీజేపీ ఆగ్రహం న్యాయం, విశ్లేషణ సమాప్తం. అలా కాదు. ఆ తిట్టుకి ముందు కథ ఉంది. 2014 జనవరిలో ఏఐసీసీ సమావేశాల దగ్గర కాంగ్రెస్ నాయకుడు మణిశంకర్ అయ్యర్ మోదీ గురించి, ఆయన ప్రధాని కాలేడు, కావాలంటే ఇక్కడ టీ పంచుకోవడానికి చోటిస్తాం అన్న అర్థంలో మాట్లాడారు. నెల తిరక్కుండానే బీజేపీ 'చాయ్ పే చర్చా' (టీ తాగుతూ చర్చ) అన్న ప్రచారం మొదలుపెట్టింది. తిట్టుని ఎత్తి బ్యాడ్జిలా చొక్కాకి పెట్టుకుంది. అయిదేళ్ల తర్వాత, 2019లో, 'చౌకీదార్' మాటతోనూ అదే జరిగింది. కాంగ్రెస్ 'చౌకీదార్ చోర్ హై' (కాపలాదారే దొంగ) అంటే వీళ్లు 'మై భీ చౌకీదార్' (నేనూ కాపలాదారునే) అని ట్విటర్‌లో పేర్లకు ముందు తగిలించుకున్నారు. గాయపరిచే మాటని గాయపడినవాళ్లే తీసుకుని తిప్పికొట్టడం గురించి అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్ రాసింది మీరు చదివే ఉంటారు. కానీ ఇక్కడ తిప్పికొట్టింది ఎవరు? టీ అమ్మేవాళ్లా, టీ అమ్మినవాడి పేరు మీద నడిచే పార్టీయా? బార్త్ అయితే ఇక్కడ మిథ్ తయారైంది అనేవాడు. టీ గ్లాసులోంచి టీ పోయింది. పొద్దున్నే లేవడం, గ్యాస్ బండ ధర, మున్సిపాలిటీ వాళ్లొచ్చి బండి ఎత్తుకుపోతారన్న భయం, అన్నీ పోయాయి. 'కష్టపడితే ఎవరైనా ఎంతెత్తుకైనా ఎదగొచ్చు' అన్న ఒక్క అర్థం మిగిలింది. మీమ్ టీ అమ్మేవాణ్ని నీచం చేసింది, బ్యాడ్జి అతన్ని మాయం చేసింది. రెండూ రాస్తేనే అది విమర్శ. ఒకటే రాస్తే పార్టీ కరపత్రం.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఆ రాయి వేసేటప్పుడు ఏ ప్రశ్న చేతిలోంచి జారిపోయింది? 2017 నవంబర్ అంటే నోట్ల రద్దుకి ఏడాది నిండింది. జీఎస్టీ వచ్చి ఐదు నెలలు కాలేదు. సూరత్ బట్టల వ్యాపారులు ఆ జూలైలోనే దుకాణాలు మూసి రోడ్డెక్కారు. అడగాల్సినవి బోలెడున్న ఎన్నికలవి. వాటి మధ్య ఈ మీమ్ చర్చని ప్రధాని ఇంగ్లిష్ మీదికీ బాల్యం మీదికీ తీసుకెళ్లింది. ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

ఇప్పుడు అదే నెల, అదే గుజరాత్, అవతలి వైపు చూడండి. బీజేపీ ఎన్నికల ప్రకటనలో రాహుల్ గాంధీని వెక్కిరించే 'పప్పు' అన్న మాటకి రాష్ట్ర ఎన్నికల అధికారుల కమిటీ అభ్యంతరం చెప్పింది. ఆ మాట తీసి 'యువరాజ్' అని మార్చారు. నాకు ఈ మార్పు భలే ఇష్టం, ఎందుకంటే రెండు మాటల మధ్య ఒక పుస్తకమంత తేడా ఉంది. 'యువరాజ్' అంటే విమర్శ వారసత్వం మీద. నువ్వు ఎన్నికై రాలేదు, పుట్టి వచ్చావు అని. రాజకీయంగా అది అడగదగ్గ ప్రశ్నే. 'పప్పు' అంటే విమర్శ బుర్ర మీద. వీడికి తెలివి లేదు, లెక్క రాదు అని. వారసత్వం మీద ఉండాల్సిన వేలు బుద్ధిమాంద్యం మీదికి జరిగింది. ఇక మాట చురుగ్గా ఉండి, మైకు ముందు తడబడని వారసులందరూ హాయిగా బయటపడిపోతారు. అన్ని పార్టీల్లోనూ కొడుకులూ కూతుళ్లూ మేనల్లుళ్లూ ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఈ వెసులుబాటు విలువెంతో మీకు తెలుసు.

హిందీ నుంచి ఆ మాట తెలుగులోకి వచ్చాక ఇంకో తమాషా జరిగింది. హిందీలో పప్పు అంటే చిన్నపిల్లాడి ముద్దుపేరు. మనకి పప్పు అంటే కందిపప్పు. అయినా ఆ తిట్టు ఇక్కడ ఒక్కరోజు కూడా పరాయి మాటలా వినిపించలేదు. ఎందుకంటే మన దగ్గర 'ముద్దపప్పు' ముందే ఉంది, చురుకులేని మనిషిని అనే మాట. రాహుల్ గాంధీకి అంటించిన పేరు నారా లోకేశ్ మీదికి తెచ్చినప్పుడు మీమ్ పేజీలవాళ్లు గిన్నెలో పప్పు, విస్తట్లో పప్పు, గరిటెతో పప్పు బొమ్మలు దించారు. ఢిల్లీలో పుట్టిన తిట్టుకి మన వంటింట్లో సరుకు దొరికింది. మీమ్ ఊరు మారినప్పుడు ఏ స్థానిక మాటని పట్టుకుని నిలబడుతుందో చూడండి, అది అనువాదం కంటే పెద్ద సంగతి. ఇక్కడ ఇంకో తిరకాసు కూడా ఉంది. 'యువ దేశ్' మీమ్ ఇంగ్లిష్ రానివాణ్ని వెక్కిరించింది. మన పేజీలు తెలుగు తడబడిన నాయకుల్ని, ఇంగ్లిష్ చదువులు చదివొచ్చినవాళ్లని, అంతే ఉత్సాహంగా వెక్కిరిస్తాయి. రాయి దిశ మారింది. నాలుక తడబడితే మనిషి తక్కువ అన్న ఒప్పందం మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరు ఎవరి మీద వేసినా, క్లాసులో లేచి నిలబడి నత్తిగా జవాబు చెప్పే పిల్లాడికి తగిలేది అదే రాయి.

ఆ పప్పు మాటని రాహుల్ గాంధీ 2018 జూలై 20న లోక్‌సభలోనే తన నోటితో అన్నారు, మీరు నన్ను పప్పు అని పిలవొచ్చు అని. ఆ రోజు చర్చ తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం మీద. మొదలైంది ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన హామీలతో. మర్నాటికి దేశమంతా తిరిగింది ఆయన వెళ్లి మోదీని కౌగిలించుకున్న బొమ్మ, ఆ తర్వాత కొట్టిన కన్ను. ప్రత్యేక హోదా మీమ్ ఎక్కడైనా చూశారా? నాకు గుర్తు లేదు.

మీరడిగిన అడోర్నో, బఖ్తిన్ తగాదాకి వద్దాం. హోర్క్‌హైమర్, అడోర్నో ఇద్దరూ (ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు అనేది వీళ్లనే) సంస్కృతి పరిశ్రమ గురించి, అంటే సరుకులా తయారయ్యే వినోదం గురించి రాసినప్పుడు, తయారీ నవ్వు మనిషికి సంతోషం ఇచ్చినట్టే ఇచ్చి మోసం చేస్తుందన్నారు. బఖ్తిన్ మధ్యయుగపు జాతర నవ్వు గురించి రాస్తూ, అది రాజునీ మతగురువునీ కిందికి దించే నవ్వు అన్నాడు. విద్యార్థులు వీళ్లలో ఒకరిని ఎంచుకోవాలనుకుంటారు. తిట్టు మీమ్ ప్రజల తిరుగుబాటా, పరిశ్రమ సరుకా అని. బఖ్తిన్ చెప్పిన ఒక్క సంగతి గుర్తుంటే ఈ గొడవ సగం తీరిపోతుంది. జాతర నవ్వులో నవ్వేవాడు కూడా నవ్వులపాలవుతాడు, బయట నిలబడి నవ్వడానికి అక్కడ గట్టు లేదు. మీ మీమ్‌లలో ఏ పేజీ అయినా తన సొంత పార్టీ నాయకుడి మీద, తన సొంత పాఠకుల మీద జోక్ వేసిందా? వేస్తే అక్కడ బఖ్తిన్‌ని పిలవండి. నాకు కనిపించినవాటిలో చాలామటుకు గట్టు మీద నిలబడి వేసినవే.

పరిశ్రమ సంగతి ఒక పాత స్టూడెంట్ చెప్పాడు. ఒక ఎన్నికల ముందు హైదరాబాద్‌లో ఒక ప్రచార ఆఫీసులో నాలుగు నెలలు పనిచేశాడు. ఏ పార్టీయో చెప్పాడు గానీ నేను రాయను, అవతలి పార్టీ గదిలోనూ అదే జరిగి ఉంటుంది. రోజుకి ఇన్ని మీమ్‌లని టార్గెట్. పొద్దున షేర్ల లెక్క చూస్తారు, ఏది నడిచిందో దాని పోలికలోనే సాయంత్రానికి పది చేయాలి. "సాగునీటి మీద చేస్తే నలుగురు కూడా షేర్ చేయరు సార్, గాజులు తొడిగితే రాత్రికి రాత్రే లేచిపోద్ది" అన్నాడు. అంటే ఏ రాయి ఏరాలో నిర్ణయించేది కోపం కాదు, నిన్నటి షేర్ల లెక్క. పాత ఒప్పందాలే మళ్లీ మళ్లీ అచ్చవుతాయి, ఎందుకంటే అవి ముందే నడిచినవి. మగ నాయకుడికి గాజులు, చీర, బొట్టు. ఆడతనం అంటే చేతకానితనం అన్న ఒప్పందం. గాజులేసుకుని ఆ మీమ్ చూసి నవ్వే ఆడవాళ్ల దగ్గర కూడా అది నడుస్తుంది. ఆధిపత్యం అంటే అదే.

టెంప్లేట్ల గురించి, అంటే మీమ్‌లకి మళ్లీ మళ్లీ వాడే అచ్చు బొమ్మల గురించి కూడా ఒక మాట. తెలుగు మీమ్‌లలో బ్రహ్మానందం ముఖం లేనిది అరుదు. ఆయన మీద మనకున్న ప్రేమ వేరే సంగతి. కానీ మన సినిమాల్లో కమెడియన్ చెంపదెబ్బ తినే మనిషి, హీరో కొట్టే మనిషి. ఒక నాయకుడి తలని కమెడియన్ మెడ మీద, ఇంకొకరి తలని హీరో మెడ మీద పెడితే ఎవరు ఎవర్ని కొట్టాలో వేరే రాయక్కర్లేదు. టెంప్లేట్‌తో పాటు దాని అంతస్తులూ ఉచితంగా వస్తాయి. 'ఎలివేషన్' వీడియో చేసే పేజీ, 'ట్రోల్' చేసే పేజీ చాలాసార్లు ఒకటే ఎందుకైందో ఇప్పుడు అర్థమవుతుంది.

కులం దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్తగా నడవాలి. అవమానాన్ని వ్యక్తికి జరిగే చిన్నతనంగా కాకుండా సమాజపు అమరికగా చదవాలని రాజనీతి పండితుడు గోపాల్ గురు చాలాకాలంగా చెబుతున్నారు. ఆయన సంపాదకత్వంలో 2009లో వచ్చిన వ్యాసాల సంపుటి మీకు తప్పనిసరి. దానికి పునాది అంబేడ్కర్ మాటలో ఉంది: కులం మెట్లలో పైకి పోయేకొద్దీ భక్తి పెరుగుతుంది, కిందికి దిగేకొద్దీ తిరస్కారం పెరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లకి ఈ నిచ్చెన తెలియదు. వాళ్ల వర్గం లెక్కలతో మన మీమ్ చదివితే సగమే కనిపిస్తుంది. ఆ టీ గ్లాసునే చూడండి. మన ఊళ్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఎన్నేళ్లు నడిచిందో తెలిసినవాళ్లకి అది ఒట్టి పేదరికపు గుర్తు కాదు.

మీమ్ కాకపోయినా, మీ అధ్యాయంలో కార్టూనిస్టు శంకర్ 1949లో వేసిన బొమ్మ ఉండి తీరాలి. నత్త మీద రాజ్యాంగం అని రాసి ఉంటుంది. దాని మీద కొరడాతో అంబేడ్కర్, వెనక కొరడా ఎత్తిన నెహ్రూ, చుట్టూ చూస్తున్న జనం. 2006లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలోకి వచ్చింది. ఆరేళ్లు ఎవరూ ఏమీ అనలేదు. 2012 మే 11న పార్లమెంటు దద్దరిల్లింది. ప్రభుత్వం కార్టూన్ తీసేస్తామంది, ఆ పాఠ్యపుస్తకాల సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు, మర్నాడు పుణెలో పల్షీకర్ ఆఫీసు మీద దాడి జరిగింది. అప్పుడు మా డెస్క్‌లో అందరిదీ ఒకే మాట: కొరడా నత్తకి కదా, ఇందులో కులం ఎక్కడుంది, వీళ్లకి హాస్యం తెలియదు. నేనూ అదే అన్నాను. మాతో పనిచేసే ఒక సబ్‌ఎడిటర్, దళితుడు, పేజీ పెడుతూ తల తిప్పకుండానే అన్నాడు: "కొరడా ఎవరికో మీకు చూడగానే తెలిసింది. మావాడు క్లాసులో ఆ బొమ్మ దగ్గర కూర్చున్నప్పుడు పక్కబెంచీవాడు ఎవర్ని చూసి నవ్వుతాడో కూడా మీకే తెలియాలి." నాకు జవాబు దొరకలేదు. దాడిని అప్పుడూ ఇప్పుడూ తప్పే అంటాను. కానీ బొమ్మలో ఏముందన్నది ఒక్కటే చూస్తే చాలదనీ, ఏ గదిలో, ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నామన్నది కూడా అర్థంలో భాగమనీ ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత విజయవాడకి చెందిన ఉన్నమటి శ్యామసుందర్ 1932 నుంచి 1948 దాకా పత్రికల్లో అంబేడ్కర్ మీద వచ్చిన కార్టూన్లు వందకు పైగా ఏరి, 2019లో పుస్తకంగా తెచ్చారు. ఆయనా కార్టూనిస్టే కావడం ముఖ్యం, హాస్యం తెలియదన్న మాట ఆయన్ని అనలేరు. ఒక్కో కార్టూన్ విడిగా చూస్తే ఆనాటి సంఘటన మీద వేసిన జోక్ అని సర్దుకోవచ్చు. వరసగా పేర్చితే సర్దుకోవడం కుదరదు. మీకు పనికొచ్చే పద్ధతి ఇదే. రెండు వందల మీమ్‌లు రెండు వందల మంది మీద కాకుండా, ఇద్దరు ముగ్గురు నాయకుల మీద, కొన్నేళ్ల పొడుగునా ఉంటే మీ డిసర్టేషన్ నిలబడుతుంది. మీ గైడ్ "జోకే కదా" అన్నదానికి జవాబు ఆ వరసే చెబుతుంది.

అందరి రాళ్లూ ఏరి చూపించాను కాబట్టి నాదీ ఒకటి చెప్పాలి. ఒక నాయకుడి ప్రసంగం మీద 'ఎర్రగడ్డలో బెడ్ రెడీ' అన్న మీమ్ మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో నేనే ఫార్వర్డ్ చేశాను. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే మానసిక వైద్యశాల అని అందరికీ తెలుసు, విశాఖ వాళ్లకి చినవాల్తేరు ఎలాగో అలా. నవ్వుల ఎమోజీలు పడ్డాయి. రెండు రోజుల తర్వాత ఒకాయన ఏమీ అనకుండా గ్రూపు నుంచి వెళ్లిపోయాడు. ఆయన తమ్ముడు ఆ ఆసుపత్రిలోనే చికిత్స తీసుకుంటున్నాడని తర్వాత ఇంకెవరో చెప్పారు. ఆ నాయకుడికి నా మీమ్ ఏనాటికీ చేరదు. చేరింది ఈయనకి. హోర్క్‌హైమర్ 1937లో మామూలు సిద్ధాంతానికీ విమర్శనాత్మక సిద్ధాంతానికీ తేడా చెబుతూ, పరిశోధకుడు తను చదివే సమాజానికి బయట లేడన్నాడు. నాకది వాట్సాప్‌లో అర్థమైంది. కాబట్టి మీ సేకరణలోంచి మీకు నిజంగా నవ్వొచ్చిన పది మీమ్‌లు విడిగా తీయండి. వాటి మీద మొదట రాయండి. మీకు నచ్చని పార్టీ పేజీల గురించి ఎవరైనా రాయగలరు.

చట్టం మీద రెండు ముక్కలు, ఎందుకంటే వైవాలో అడుగుతారు. విమర్శించడం వేరు, అరెస్టు చేయించడం వేరు. మమతా బెనర్జీ మీద కార్టూన్ ఫార్వర్డ్ చేసినందుకు 2012లో జాదవ్‌పూర్ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్రని అరెస్టు చేశారు. ఆ కేసు నుంచి ఆయన పూర్తిగా బయటపడేసరికి 2023 వచ్చింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైనవి పంపితే శిక్ష వేసే, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా 2019 మేలో మమత ముఖం మార్ఫింగ్ చేసిన బొమ్మ షేర్ చేసిందని బీజేపీ యువమోర్చా కార్యకర్త ఒకామె జైలుకెళ్లింది, సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. ఇలాంటి కేసులు పెట్టేది ఎక్కువగా అధికారంలో ఉన్నవాళ్లే. మీ విశ్లేషణ వాళ్ల చేతికి ఎఫ్ఐఆర్ కాగితంలా అందకుండా రాయండి. ఈ రాయి ఎవరికి తగులుతుందని చెప్పడం వరకే మన పని.

ఇక పని పద్ధతి. బొమ్మ ఒక్కటే సేవ్ చేసుకున్నట్టున్నారు, అది చాలదు. పైన రాసిన క్యాప్షన్, పేజీ పేరు, తేదీ, షేర్లు, కింద కామెంట్లు కలిపి ఉండాలి. అర్థం సగం కామెంట్లలోనే తయారవుతుంది. కామెంట్ పెట్టిన మామూలు మనుషుల పేర్లు చెరిపేయండి. మహిళా నాయకుల మీద చేసిన బూతు మార్ఫింగ్‌లు డిసర్టేషన్‌లో అచ్చువేయకండి, మాటల్లో వర్ణించండి. లేకపోతే లైబ్రరీలో ఆ మీమ్‌కి మీరే ఇంకో కాపీ పెట్టినట్టవుతుంది. పరీక్షకులు బొమ్మ కావాలంటే విడిగా సీల్ చేసిన కవర్లో ఇవ్వొచ్చు, మా డిపార్ట్‌మెంట్‌లో అలా ఒప్పుకున్నారు.

అన్నిటికంటే ముందు, లింకులు మాత్రమే దాచుకున్న మీమ్‌లు ఎన్నున్నాయో చూసి, ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. 'యువ దేశ్' ట్వీట్ ఒక్కరోజు కూడా నిలవలేదు. మీ రెండు వందల్లో ఎన్నికలు కాగానే పేరు మార్చుకున్న పేజీలవి, మొత్తానికే ఎగిరిపోయిన పేజీలవి కనీసం కొన్నయినా ఈపాటికే పోయి ఉంటాయి.